పదో తరగతి తర్వాత ఏం చదివించాలి: పాలమూరు, నల్లగొండ ఇళ్ల కోసం

సంక్రాంతి దాటిందంటే మన ఊళ్లల్లో పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు కాలేజీల పీఆర్వోలు రావడం మొదలవుతుంది. చేతిలో రంగుల కాగితం, నోట్లో "ఇప్పుడే సీటు రాయించుకుంటే ఫీజు తగ్గిస్తం" అనే మాట. కొంత అడ్వాన్సు తీసుకొని రసీదు చేతిలో పెడతారు. ఏ గ్రూపు, ఎందుకు, ఆ తర్వాత ఏమిటి అన్నది ఆ పది నిమిషాల్లోనే తేలిపోతుంది. ఆ టైముకు పిల్ల ఇంకా బడి నుంచి ఇంటికి కూడా వచ్చి ఉండదు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో పాఠాలు చెప్తాను. ఈ కాగితం అమ్మానాన్నల కోసం, ఇంట్లో చదువుకున్న అన్నల కోసం, అక్కల కోసం రాస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే: గ్రూపు సంగతి చివరికి చూసుకోవచ్చు, ముందు పని సంగతి చూడాలి. ఏ పని చేసి బతుకుతారో కొంచెమైనా తెలిశాక, ఆ పనికి ఏ చదువు తీసుకుపోతుందో వెతకడం కష్టం కాదు. మనం తిరగేసి చేస్తున్నాం కాబట్టే బీటెక్ అయిపోయిన పిల్లలు అమీర్‌పేట హాస్టళ్లలో కూర్చొని "ఇప్పుడేం చేయాలి" అని అడుగుతున్నారు.

మొదట: దసరా సెలవుల్లో ఒక పూట కూర్చోండి

పీఆర్వో రాకముందే ఇది అయిపోవాలి. అందుకే దసరా అంటున్నాను.

"పెద్దయినంక ఏమైతవ్ బిడ్డా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు మన పిల్లలు చెప్పే జవాబులు నాలుగే: డాక్టర్, ఇంజనీర్, పోలీస్, కలెక్టర్. వాళ్లు విన్నవి అవే మరి. దానికి బదులు పిల్లలు ఇప్పటికే చేస్తున్న పనుల గురించి అడగండి. బోరు మోటార్ కాలిపోయి మెకానిక్ వస్తే పక్కన నిలబడి చూసేది ఎవరు? మహిళా సంఘం పుస్తకంలో అమ్మకు లెక్క రాసిపెట్టేది ఎవరు? బర్రెకు ఒంట్లో బాగలేదని ముందుగా కనిపెట్టేది ఎవరు? పెళ్లింట్లో నలుగురికీ పని పంచిపెట్టి తను ముందుండి నడిపేది ఎవరు? ఎవరూ చెప్పకుండానే మీ పిల్లలు చేసే పనులు రెండో మూడో ఉంటాయి. నోట్‌బుక్కులో రాయండి.

దాని కిందే ఇంకో నాలుగు సంగతులు రాయాలి. గంటలకొద్దీ ఒకచోట కూర్చోగలరా, తిరిగితేనే ప్రాణం లేచొస్తుందా? నెత్తురు చూస్తే భయమా? కొత్తవాళ్లతో మాట కలుపుతారా? ఇల్లు విడిచి హాస్టల్లో ఉండగలరా? వీటిలో మంచి జవాబు, చెడ్డ జవాబు అంటూ లేవు. హాస్టల్లో ఉండలేని పిల్లను హైదరాబాద్ పంపితే ముందు కరువయ్యేది మార్కులు కాదు, కంటి నిద్ర.

తర్వాత ఎనిమిది, తొమ్మిది తరగతుల మార్కుల కాగితాలు తీయండి. మొత్తం చూడకండి, సబ్జెక్టు వారీగా చూడండి. రెండేళ్లుగా లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కుతున్న బాబును "అక్కడ కోచింగ్ బాగా ఇస్తరు" అని ఎంపీసీలో వేస్తే ఆ కోచింగ్ వాడి కోసం ఆగదు. అయితే ఒక జాగ్రత్త. లెక్క రాకపోవడం వేరు, ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్న అర్థం కాకపోవడం వేరు. అదే లెక్కను తెలుగులో చెప్పి చేయించండి. చేసేస్తే, వాడికి కావాల్సింది గ్రూపు మార్పు కాదు, ఆరు నెలల ఇంగ్లిష్ సాధన. బడిలో లెక్కల సారునో మేడంనో అడిగితే ఈ తేడా ఐదు నిమిషాల్లో చెప్తారు. తల్లిదండ్రులు వచ్చి అడగాలని మేం ఎదురుచూస్తుంటాం, నిజంగా.

రెండోది: పనిని కళ్లారా చూపించండి

అన్నిటికంటే ఎక్కువ టైము దీనికివ్వండి. మన దగ్గర చూపించడానికి ఏమీ లేదనుకోవద్దు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. వాడపల్లి, మేళ్లచెర్వు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మిర్యాలగూడలో రైస్ మిల్లులు, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలు, చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపూర్ పారిశ్రామిక పార్కు, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో బ్యాటరీల ఫ్యాక్టరీ, జూరాల దగ్గర జల విద్యుత్ కేంద్రం ఉన్నాయి. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాలు సరేసరి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2016లో మహబూబ్‌నగర్‌తో మొదలై, 2019లో నల్లగొండ, సూర్యాపేటకు, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు వచ్చాయి.

ఫ్యాక్టరీ లోపలికి రానివ్వకపోవచ్చు. లోపల పనిచేసే మనిషి మీ మండలంలోనే ఎక్కడో ఉంటారు, ఆదివారం వాళ్లింటికి వెళ్లండి. ఊళ్లోనే ఉన్న లైన్‌మన్, ఏఎన్ఎం, వ్యవసాయ విస్తరణాధికారి, పశువుల డాక్టరు, గ్రామీణ బ్యాంకు క్యాషియర్ కూడా లెక్కలోకే వస్తారు. పిల్లలతోనే అడిగించాల్సినవి ఇవి: మీరేం చదివారు? మొదటి జీతం ఎంత, ఇప్పుడెంత? పర్మనెంటా, కాంట్రాక్టరు కిందనా? ఈ పనిలో ఒంటికి కష్టమేది? మీ పిల్లల్ని ఇదే పనిలో పెడతారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా వినమనండి.

ఇలా అడిగితేనే ఏ కాగితంలోనూ రాయని సంగతులు బయటపడతాయి. మందుల కంపెనీలో ఒకే గేటు నుంచి ముగ్గురు లోపలికి వెళ్తారు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లు ప్రొడక్షన్‌లోనో ల్యాబులోనో ఉంటారు. ఐటీఐ ఫిట్టర్ మెయింటెనెన్స్‌లో ఉంటారు. ఏ చదువూ లేనివాళ్లు కాంట్రాక్టరు కింద డ్రమ్ములు మోస్తారు. ముగ్గురికీ నైట్ షిఫ్టు ఉంటుంది. జీతంలో, భద్రతలో, పదేళ్ల తర్వాత ఉండే స్థానంలో మాత్రం చాలా తేడా. ఆ తేడాను పదిహేనేళ్ల పిల్లలు తమ చెవులతో వింటే చదువు మీద వచ్చే పట్టుదల మన తిట్లతో రాదు.

పాలమూరు ఇళ్లకు ఒక మాట. తండ్రి బొంబాయికో పూణేకో పనికి పోయి ఉంటే "ఆయనకేం తెలుసు, సదువుకోలే" అని పక్కన పెట్టకండి. ఇరవై ఏళ్లు కట్టడాల మీద పనిచేసిన మేస్త్రీకి సైట్ ఇంజనీర్ ఎవరో, సర్వే చేసే మనిషి ఏం చేస్తాడో, క్రేన్ నడిపేవాడికి ఎంతొస్తుందో, ప్లాన్ గీసేది ఎవరో బాగా తెలుసు. ఆయన కళ్లతో చూసిన లోకం చిన్నది కాదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పిల్లతో మాట్లాడించండి. "నేను పడ్డ కష్టం నువ్వు పడొద్దు" అనే మాటతో ఆపకుండా, "అక్కడ ఎవరి పని బాగుంటది నాయినా?" అని అడగమనండి.

మూడోది: పదో తరగతి దగ్గరే చీలే దారులు

ఇంటర్ ఒక్కటే దారి అనుకోవడం మన జిల్లాల్లో బాగా పాతుకుపోయింది. పాలిటెక్నిక్‌ను, ఐటీఐని "సదువు రానోళ్లకు" అనేస్తారు. నాకు చాలా బాధ కలిగించే మాట ఇది.

పాలిటెక్నిక్ సంగతి చూడండి. వనపర్తి రాజావారి భవనంలో నడుస్తున్న పాలిటెక్నిక్ 1950ల చివరి నుంచీ ఉంది. దాని పేరు తెలియని ఇంజనీర్లు ఈ ప్రాంతంలో తక్కువ. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, సూర్యాపేటలో ఆడపిల్లలది ఉన్నాయి. వీటిలో సీటు కోసం రాసే పరీక్ష పాలిసెట్, దాన్ని పదో తరగతి సిలబస్ మీదే పెడతారు. ఇంజనీరింగ్ డిప్లొమాకు లెక్కలు 60, భౌతికశాస్త్రం 30, రసాయనశాస్త్రం 30, కలిపి 120 మార్కులకు ర్యాంకు ఇస్తారు. కోర్సు మూడేళ్లు. తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. అంటే ఇంటర్ మీదుగా వెళ్లినా, ఇలా వెళ్లినా పదో తరగతి తర్వాత ఆరేళ్లే, ఏడాది కూడా ఆలస్యం కాదు. పైగా చేతిలో ఒక డిప్లొమా, పని వచ్చిన చేతులు ఉంటాయి. కుటుంబంలో ఏదైనా కష్టమొచ్చి చదువు ఆగినా డిప్లొమా అక్కరకొస్తుంది. ఇంటర్ ఎంపీసీ ఒక్కటే ఉంటే అలా ఆదుకోదు.

పాలిసెట్‌లో జీవశాస్త్రం కూడా రాయించండి. దాని వెనక చాలామందికి తెలియని దారి ఉంది. వ్యవసాయ, పశుసంవర్ధక, మత్స్య, ఉద్యాన డిప్లొమాలకూ ఈ ర్యాంకుతోనే సీట్లిస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల, పెబ్బేరులో మత్స్య కళాశాల ఉన్నాయి. పొలంతో, పశువులతో పెరిగిన పిల్లలకు ఇవి సొంత విద్యలే. తర్వాత బీఎస్సీ అగ్రికల్చర్ చదవాలనుకుంటే ఇంటర్ బైపీసీ, ఎప్‌సెట్ దారి ఉంది. అందులో రైతు బిడ్డలకు ప్రత్యేక కోటా ఉంది కాబట్టి పట్టాదారు పాసుపుస్తకం, పల్లెలో చదివిన సర్టిఫికెట్లు భద్రంగా పెట్టండి.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. మీ దగ్గరి ఐటీఐ అందులో ఉందేమో వెళ్లి యంత్రాలను చూడండి. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయించండి. అది లేని సర్టిఫికెట్‌తో ఫ్యాక్టరీ గేటు దాటడం కష్టం. చదువు మీద మళ్లీ మనసైతే ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు.

బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పదో తరగతి తర్వాత నాలుగేళ్ల టూల్ అండ్ డై డిప్లొమా ఉంది. చేతి పని, గీత పని ఇష్టమున్న పిల్లలకు చాలా మంచి చోటు. ఎంట్రన్స్ ఉంటుంది.

బాసర ట్రిపుల్ ఐటీ ఆరేళ్ల చదువు, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్. పదో తరగతి మార్కులతోనే సీటు. 2025లో మహబూబ్‌నగర్ కేంద్రానికీ అడ్మిషన్లు ఇచ్చారు. బడిలో మొదటి వరుసలో ఉండి, హాస్టల్లో నిలబడగలిగే పిల్లలైతే దరఖాస్తు తప్పకుండా పెట్టండి.

ఇంటర్ విషయంలో అందరికీ తెలిసినదాన్ని మళ్లీ చెప్పను. రెండు సంగతులు మాత్రం. సీఈసీ, హెచ్‌ఈసీ అంటే చిన్నచూపు వద్దు. లా చదువు లాసెట్‌తో ఇంటర్ తర్వాతే మొదలవుతుంది, సీఏ ఫౌండేషన్ కూడా అంతే. ఇక గ్రూప్స్ పరీక్షలకు చదివేది చాలావరకు ఈ సబ్జెక్టులే. రెండోది బైపీసీ. నీట్ ఒక్కటే లెక్కపెట్టుకొని బైపీసీలో వేయకండి. పైన చెప్పిన మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఒక్కో డాక్టరు వెనక నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఎక్స్‌రే, మత్తు విభాగాల టెక్నీషియన్లు ఎంతమంది నిలబడతారో ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. బీఎస్సీ నర్సింగ్, పారామెడికల్, ఫార్మసీ కూడా బైపీసీ బిడ్డలవే. నీట్ రాకపోతే వీటిలో ఏది అన్నది ఇంటర్‌లో చేరే రోజే మాట్లాడుకోవాలి, ఫలితాల రోజు ఏడుస్తూ కాదు. లాంగ్‌టర్మ్, అంటే ఇంటర్ అయ్యాక నీట్ కోసమే ఏడాది కోచింగ్, ఒక్కసారి సరే. రెండోసారి అడిగితే మొదటిసారి మార్కులు ఎంత పెరిగాయో చూసి మాట్లాడండి.

నాలుగోది: పైసల లెక్క కాగితం మీద వేయండి

ఫీజు ఒక్కటే వేస్తే లెక్క తప్పుతుంది. హాస్టల్, బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, పండుగలకు రాకపోకలు, ఫోన్, అన్నీ వేసి ఏడాదికెంతో చూసి, కోర్సు ఎన్నేళ్లయితే అన్నింతలు చేయండి. అప్పు తెస్తే మిత్తి కూడా రాయండి. లక్షన్నర అప్పుకు రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. నాలుగేళ్లలో మిత్తే 1,44,000 అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. ఈ కాగితాన్ని పిల్లలకు చూపించండి. భయపెట్టడానికి కాదు, ఇంటి సంగతి వాళ్లకూ తెలియాలి. తెలిసిన పిల్లలు బాగా ఆలోచిస్తారు, నేను చూస్తున్నాను.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను చేతికొచ్చిన డబ్బుగా లెక్క వేసుకోకండి. అది ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపుతున్నాయి. చేరకముందే "రీయింబర్స్‌మెంట్ రాకపోతే మేమెంత కట్టాలి, టీసీ, మెమోలు ఇస్తారా" అని అడగండి. నోటి మాట కాకుండా కాగితం మీద రాయించుకోండి. రీయింబర్స్‌మెంట్ కోసం ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో పెట్టే దరఖాస్తు ఒక్క ఏడాదితో అయిపోదు, ప్రతి ఏటా రెన్యువల్ చేయాలి. హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకోవాలి.

ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలోని ప్రభుత్వ కాలేజీకి రోజూ వెళ్లిరావడం ఇప్పుడు కుదిరే పని. బస్సు టైములు కాలేజీ టైముకు కలుస్తాయో లేదో మాత్రం ఒకరోజు స్వయంగా వెళ్లి చూడండి. కలవకపోతే ఊరి ఆడపిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిసి డిపో మేనేజర్‌కు అర్జీ పెట్టండి.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. "ఆమెకు ఎట్లాగూ పెండ్లి చేస్తం, దగ్గర్ల ఏదుంటే అది" అని చాలా ఇళ్లలో అంటున్నారు. దగ్గరిది చూడండి, తప్పు లేదు. కానీ దగ్గరున్నవాటిలో ఆమెకు జీతం తెచ్చిపెట్టే చదువు ఏదో చూడండి. సొంత సంపాదన ఉన్న బిడ్డ అత్తింట్లో ఎలా మాట్లాడగలదో, లేని బిడ్డ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఐదోది: కాగితాలు, ఆప్షన్లు

పరీక్షలు మొదలవకముందే ఇవి సిద్ధం చేయండి:

- ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి రికార్డుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. మెమో అచ్చయ్యాక సరిచేయించడం చాలా కష్టం.
- మీసేవ నుంచి కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు. కేంద్ర సంస్థలకు దరఖాస్తు చేస్తే ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు వేరుగా కావాలి.
- నాలుగు నుంచి పది వరకు ఎక్కడ చదివారో బోనఫైడ్లు. పిల్లలు అమ్మానాన్నల వెంట వలసపోయి కొన్నాళ్లు వేరే రాష్ట్రంలో చదివి ఉంటే ఈ పని ముందే చూసుకోండి, స్థానికత అక్కడే తేలుతుంది.
- పిల్లల పేరున బ్యాంకు ఖాతా, ఆధార్‌తో కలిపి.

దరఖాస్తులో ఇంట్లో ఎప్పుడూ ఉండే ఫోన్ నంబరే ఇవ్వండి. నెట్ సెంటర్ నంబరు ఇస్తే ఓటీపీలు అక్కడికే పోతాయి.

వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టే పనిని కాలేజీ పీఆర్వోకు అప్పజెప్పకండి. "హాల్‌టికెట్, పాస్‌వర్డ్ ఇయ్యండి, మేమే పెడతం" అంటే వాళ్ల కాలేజీ ఒక్కటే మొదటి ఆప్షన్‌గా పెట్టేస్తారు. ముందు కాగితం మీద వరుస రాసుకోండి. సీటు వస్తుందో రాదో అని ఊహించి కాకుండా, మీకు ఏది ఎక్కువ కావాలో అదే వరుసలో రాయండి. పై ఆప్షన్ రాకపోతే కిందిది చూస్తారు కాబట్టి పైన పెద్ద కాలేజీ పెడితే నష్టం లేదు. నష్టం తక్కువ ఆప్షన్లు పెడితేనే. చేరడం ఇష్టం లేని కాలేజీని మాత్రం వరుసలో ఎక్కడా పెట్టకండి. పాస్‌వర్డ్ ఇంట్లోనే ఉండాలి.

ఆరోది: సాధన

పాలిసెట్‌కు విడిగా కోచింగ్ అక్కర్లేదనే నా అభిప్రాయం. పదో తరగతి పాఠ్యపుస్తకంలో ప్రతి పాఠం చివరి లెక్కలు చేసి, జనవరి నుంచి ఆదివారాలు పాత పేపరు ఒకటి రెండున్నర గంటల్లో రాయిస్తే చాలు. టీశాట్ ఛానళ్లలో పాఠాలు ఉచితంగా వస్తాయి. ఇంగ్లిష్ కోసం రోజూ ఒక పేజీ పైకి చదివించండి, అర్థం కాకపోయినా సరే, నోరు తిరగాలి. ఎండాకాలం సెలవుల్లో టైపింగ్, ఎక్సెల్ నేర్పిస్తే ఏ దారిలో పోయినా అవి వృథా కావు.

చేరిన తర్వాత

మొదటి నెల చాలా ముఖ్యం. హాస్టల్ నుంచి ఫోన్ చేసి "నాకు ఇక్కడ అయితలేదు" అంటే "పైసలు కట్టినం, గమ్మునుండు" అనకండి. ఆ ఆదివారమే వెళ్లండి. పాఠం అర్థం కావట్లేదా, ఇంగ్లిష్ భయమా, తిండి పడట్లేదా, ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా? ఒక్కొక్కటీ విడిగా అడగండి, ఎందుకంటే ఒక్కోదానికి చేయాల్సింది వేరు. ఇంగ్లిష్ భయమైతే రెండు మూడు నెలల్లో పోతుంది. ఇబ్బంది పెడుతున్నారంటే ఆ రోజే ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలి. సబ్జెక్టే అసలు పడట్లేదంటే, దసరాకు రాసిన నోట్‌బుక్కు మళ్లీ తీయండి. ఐటీఐలలో మిగిలిన సీట్లకు వాక్‌ఇన్ అడ్మిషన్లు నడుస్తుంటాయి, ఇంటర్‌లో గ్రూపు మార్చుకోవడానికి ప్రిన్సిపాల్‌ను అడగొచ్చు. ఆలస్యం చేస్తే ఈ తలుపులు ఆ ఏడాదికి మూసుకుపోతాయి, కాబట్టి పిల్లల మాట విన్న వారంలోపే కదలండి.